వ్రాతలో నిలిచిన యంత్రము



బ్యాంకు ఖాతాలో నిలువ యెంత యున్నదో చూచుకొనునప్పుడును, రైలు టిక్కెట్టు కొనునప్పుడును, పరీక్షా ఫలితములకై ఆత్రముతో ఎదురుచూచునప్పుడును మనకు ప్రత్యుత్తర మిచ్చునది ఎచ్చటనో చల్లబరచిన గదిలో, ఇనుప చట్రములయందు వరుసగా బిగింపబడిన సర్వరులలో నొకటి యని తలంతుము. ఆ తలంపు అసత్యము కాదు. కాని అనేక సందర్భములలో మనకు బదులు పలుకునది ఆ ఇనుప పెట్టె కాక, దాని ప్రాసెసరు కాలములో కొంత పాలును, మెమరీలో కొంత భాగమును, డిస్కులో ఒక ఫైలును తన సొత్తుగా పొంది, స్వతంత్రమైన కంప్యూటరు వలెనే ప్రవర్తించు వర్చువల్ మెషీను. ఒక్క సర్వరులో ఇట్టివి పది యుండవచ్చును, ఏబది యుండవచ్చును. వీటికి తెర లేదు, కీబోర్డు లేదు, చేతితో నొక్కదగిన మీట లేదు. వీటిని సృజించుటయు, నడుపుటయు, ఆపుటయు, కాపాడుటయు, లైనక్సు సర్వరు చెంతనో దానికి నూరు మైళ్ల దూరముననో కూర్చుండిన నిర్వాహకుడు టైపు చేయు కొన్ని పంక్తుల వలన జరుగుచున్నది. ఆ పంక్తులను గూర్చియు, అవి నిర్వాహకుని నుండి కోరు శ్రద్ధను గూర్చియు నేడు ముచ్చటింపదలచినాను.

ఒక యంత్రములో పెక్కు యంత్రములను నిలుపవచ్చు నను భావము నిన్న మొన్నటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందు, కేంబ్రిడ్జి నగరమున నెలకొన్న ఐబీఎం సంస్థ వారి శాస్త్రీయ కేంద్రములో కొందరు ఇంజనీర్లు, మిక్కిలి వెలగల పెద్ద కంప్యూటరు నొకదానిని పలువురు ఏకకాలమున వాడుకొనుట యెట్లని యోచించి, ప్రతి వినియోగదారునికిని ఒక సంపూర్ణమైన కంప్యూటరు దక్కినట్లు తోపజేయు సీపీ-40 అను వ్యవస్థను నిర్మించి, 1967 నాటికి వాడుకలోనికి తెచ్చిరి. ఆ పరంపరలో పెరిగిన వీఎం-370ని ఐబీఎం 1972లో లోకమునకు ప్రకటించినది. మరి రెండేండ్లకు, 1974లో, జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను పండితు లిరువురు ఒక వ్యాసములో ఈ విద్యకు శాస్త్రబద్ధమైన లక్షణములను నిర్ణయించిరి. అవి మూడు: వర్చువల్ మెషీనులో నడచు ప్రోగ్రాము నిజమైన యంత్రముపై నడచినట్లే నడవవలెను, దాని ఆదేశములలో అత్యధిక భాగము మధ్యవర్తి లేకుండ నేరుగా ప్రాసెసరుపైననే సాగవలెను, యంత్రవనరులపై సర్వాధికారము మాత్రము పర్యవేక్షక ప్రోగ్రాము చేతిలోనే యుండవలెను. నేటి నిర్వాహకుడు చేయు ప్రతి పనియు ఈ మూడవ లక్షణము నాశ్రయించుకొనియే యున్నది.

మన ఇండ్లలోను, కార్యాలయములలోను వ్యాపించిన ఇంటెల్ వంశపు ప్రాసెసరులు చిరకాలము ఈ లక్షణములకు లొంగలేదు. అధికారస్థాయిని బట్టి వేర్వేరు ఫలముల నొసగు కొన్ని ఆదేశములు, పర్యవేక్షకునికి తెలియజేయకయే వాటిలో సాగిపోవుచుండెడివి. 1999లో వీఎంవేర్ సంస్థ అట్టి ఆదేశములను అప్పటికప్పుడు మార్చి వ్రాయు ఉపాయముతోను, 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి జెన్ ప్రాజెక్టు లోపలి ఆపరేటింగు సిస్టము యొక్క కెర్నెలునే కొంత సవరించు ఉపాయముతోను ఈ చిక్కును దాటినవి. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసరులలోనే ఇందుకు వలసిన ఏర్పాట్లను పొందుపరచుటతో మార్గము సుగమమైనది. ఆ ఏర్పాట్లను ఆధారముగా గొని, క్యూమ్రానెట్ అను సంస్థలో పనిచేయుచుండిన ఆవీ కివిటీ రచించిన కేవీఎం, 2007 ఫిబ్రవరిలో వెలువడిన 2.6.20వ లైనక్సు కెర్నెలులో అంతర్భాగమైనది. నాటినుండి, తగిన ప్రాసెసరు గల ప్రతి లైనక్సు సర్వరును, వేరొక పర్యవేక్షక ప్రోగ్రామును కొనవలసిన అగత్యము లేకుండ, పెక్కు యంత్రములకు ఆశ్రయమీయజాలిన దయ్యెను.

ఈ ఏర్పాటులో ఎవరి పని యేమో నిర్వాహకుడు మొదట గ్రహింపవలెను. కేవీఎం కెర్నెలులో నుండి ప్రాసెసరును, మెమరీని పంచును. ఫ్రాన్సు దేశీయుడైన ఫాబ్రిస్ బెల్లార్ 2003లో వెలువరించిన క్యూఎమ్యూ అను ప్రోగ్రాము డిస్కు, నెట్‌వర్కు కార్డు, సీరియల్ పోర్టు మొదలగు పరికరములకు రూపమిచ్చును. ఈ రెంటికిని పైన, 2005లో ఆరంభమైన లిబ్‌వర్ట్ అనునది యంత్రముల జాబితాను, వాటి వివరములను, నెట్‌వర్కులను, డిస్కులుండు స్థలములను ఒక క్రమమున నుంచును. మనము టెర్మినలులో వాడు వర్ష్ అను కమాండు ఆ లిబ్‌వర్టుతో మాటలాడుటకు ఏర్పడిన సాధనము. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. యంత్రములకు ఆశ్రయమిచ్చు సర్వరు, అనగా హోస్టుపై టాప్ అను కమాండు నిచ్చి చూచినచో, నడచుచున్న ప్రతి వర్చువల్ మెషీనును తనకొక సంఖ్య గల సాధారణ ప్రాసెసుగా కనబడును. లోపల సంపూర్ణమైన ఆపరేటింగు సిస్టమును, అందు వందలాది ప్రోగ్రాములును నడచుచున్నను, హోస్టు లెక్కలో అది యొక ప్రాసెసు మాత్రమే. కనుక ప్రాసెసులను కనిపెట్టుటలో, వాటికి హద్దులు విధించుటలో లైనక్సు నిర్వాహకుడు ఇదివర కార్జించిన విద్య యంతయు ఇచ్చట అక్కరకు వచ్చును.

ఇక నొక యంత్రమును సృజింతము. ప్రాసెసరుకు ఆ సామర్థ్యము కలదో లేదో తెలియుటకు, ప్రాక్ అను డైరెక్టరీలోని సీపీయూ ఇన్ఫో ఫైలును చదివినచో ఇంటెల్ యందైన వీఎంఎక్స్ అనియు, ఏఎండీ యందైన ఎస్‌వీఎం అనియు ఒక గుర్తు కనబడవలెను. గుర్తు కనబడనిచో, లేక గుర్తుండియు కేవీఎం పనిచేయనిచో, బయాస్ సెట్టింగులలో ఆ సౌకర్యము మూసియుండుట తఱచైన కారణము. పిదప వర్ట్-ఇన్‌స్టాల్ అను కమాండుకు ఆరేడు సంగతులు చెప్పవలెను: యంత్రము పేరు గోదావరి, మెమరీ 4096 మెగాబైట్లు, ప్రాసెసర్లు 2, డిస్కు 40 గిగాబైట్లు, ఆపరేటింగు సిస్టము ఫలానిది, దాని ఇన్‌స్టాలేషను ఫైలు ఫలాని చోట నున్నది, గ్రాఫిక్సు అక్కరలేదు, సీరియల్ కన్సోలు చాలును. ఇవియన్నియు ఒక్క పంక్తిలో నిమిడిపోవును. ఎంటరు మీట నొక్కిన కొలది క్షణములలో అంతకుమున్ను లేని కంప్యూటరొకటి మేల్కొని, నీవు ఏ భాషలో మాటలాడుదువు, ఏ కాలమండలమున నున్నావు అని టెర్మినలులోననే మనల నడుగును.

ఈ గోదావరి యెక్కడ నున్నది? రెండు చోట్ల నున్నది. దాని డిస్కు సాధారణముగా వార్, లిబ్, లిబ్‌వర్ట్, ఇమేజెస్ అను మార్గమున నొక ఫైలుగా నుండును. దాని స్వరూపము ఎక్స్ఎంఎల్ అను పద్ధతిలో వ్రాయబడిన మరియొక చిన్న ఫైలుగా నుండును. వర్ష్ డంప్‌ఎక్స్ఎంఎల్ గోదావరి అని టైపు చేసినచో, పూర్వము కరణముగారి అడంగలులో ప్రతి పొలమునకును సర్వే నంబరు, విస్తీర్ణము, అనుభవదారుడు, పైరు వరుసగా వ్రాసియున్నట్లే, యంత్రము పేరు, దాని శాశ్వత గుర్తింపు సంఖ్య, మెమరీ పరిమాణము, ప్రాసెసర్ల లెక్క, డిస్కు ఫైలు మార్గము, నెట్‌వర్కు కార్డు చిరునామా, అన్నియు కండ్ల యెదుట నిలుచును. ఈ వ్రాతయే యంత్రము. దీనిని, డిస్కు ఫైలును భద్రపరచుకొన్నవాడు సర్వరు కాలిపోయినను మరియొక సర్వరుపై ఆ యంత్రమును మరల నిలబెట్టగలడు. దీనిని నిర్లక్ష్యము చేసినవానికి డిస్కు దక్కినను, ఏ పరికరము ఏ క్రమమున నుండెడిదో యూహించుకొనవలసిన దుర్గతి పట్టును.

అయితే ఆ వ్రాతకు రెండు ప్రతులుండునని మఱువరాదు. ఒకటి, ప్రస్తుతము నడచుచున్న యంత్రపు వాస్తవస్థితి. రెండవది, మరల ప్రారంభించునప్పుడు అనుసరింపవలసిన శాశ్వత నిర్ణయము. వర్ష్ ఎడిట్ ద్వారా చేసిన మార్పు రెండవదానిని మార్చును. నడచుచున్న యంత్రమును తాకదు. గోదావరికి నాలుగు గిగాబైట్ల మెమరీ చాలకున్నదనుకొందము. యంత్రమునకు నిర్ణయించిన గరిష్ఠ పరిమితి యనుమతించినచో, సెట్‌మెమ్ అను ఆజ్ఞకు లైవ్ అను మాటను చేర్చి అప్పటికప్పుడు మెమరీని పెంపవచ్చును. కాని కాన్ఫిగ్ అను రెండవ మాటను కూడ చేర్చనిచో, ఆ పెంపు నేటికి మాత్రమే. నెలలు గడచిన పిదప ఒకనాడు సర్వరును మరమ్మతునకై ఆపి మరల ప్రారంభించినప్పుడు యంత్రము పాత కొలతతో మేల్కొనును. నిన్నటివరకు చురుకుగా నడచిన ప్రోగ్రాము నేడెందుకు కుంటుచున్నదో యెవరికిని అంతుపట్టదు. ఆటోస్టార్ట్ అను ఆజ్ఞ విషయమును ఇట్టిదే. ఆ ఆజ్ఞ నీయని యంత్రము, సర్వరు తిరిగి లేచినను తాను లేవదు. రాత్రివేళ విద్యుత్తు పోయి వచ్చిన పిమ్మట సర్వరు క్షేమముగా నున్నను దాని సేవలు మూగవోవుటకు ఈ మఱపు ఒక ముఖ్య కారణము.

యంత్రమును ఆపుటయందును, తొలగించుటయందును నిర్వాహకుని వివేకము మిక్కిలి స్పష్టముగా బయల్పడును. మూడు ఆజ్ఞలు కలవు. మూడింటి ఫలములును వేరు. షట్‌డౌన్ అనునది, కంప్యూటరు పవరు మీటను మెల్లగా నొక్కినప్పుడు వెలువడు సంకేతము వంటిదానినే లోపలి ఆపరేటింగు సిస్టమునకు పంపును. అది తన ఫైళ్లను మూసికొని, డేటాబేసులను భద్రపరచుకొని, తీరికగా ఆగును. ఇది వినతియే గాని బలాత్కారము కాదు. లోపలి సిస్టము స్తంభించియున్నచో వినతి వినబడదు. డిస్ట్రాయ్ అనునది తక్షణమే విద్యుత్తును త్రుంచుటతో సమానము. పేరు వినుటకు భయంకరమైనను అది డిస్కు ఫైలును చెరుపదు, వివరముల వ్రాతను తొలగింపదు. కాని ఆ క్షణమున మెమరీలో నుండి డిస్కుకు చేరని సమాచారము నశించును. అన్‌డిఫైన్ అనునది వివరముల వ్రాతను తొలగించును. దానికి రిమూవ్-ఆల్-స్టోరేజ్ అను మాటను జతచేసినచో డిస్కు ఫైళ్లు కూడ పోవును, మరల రావు. కావున యంత్రమొకటి పలుకకున్నప్పుడు అనుసరింపవలసిన క్రమమిది. మొదట డామ్‌స్టేట్ అను ఆజ్ఞతో దాని స్థితిని, రీజన్ అను మాటను చేర్చి ఆ స్థితికి కారణమును అడుగవలెను. తరువాత కన్సోలు ద్వారా లోపలికి తొంగిచూడవలెను. అటుపిమ్మట షట్‌డౌన్ చెప్పి కొన్ని నిమిషములు ఓర్పుతో వేచియుండవలెను. అప్పటికిని ఆగనిచో డిస్ట్రాయ్, పిదప స్టార్టు. తొందరపాటుతో మొదటి మెట్లు దాటి చివరిదానికి చేయి చాచువాడు, ఏ చిన్న దోషము యంత్రమును స్తంభింపజేసినదో తెలిసికొను అవకాశమును తన చేతులతోనే పోగొట్టుకొనును.

స్థితిని ముందుగా అడుగవలెనని చెప్పుటకు బలమైన హేతువు కలదు. క్యూఎమ్యూ వారి క్యూకౌ-2 అను డిస్కు ఫైలు, తనకు 100 గిగాబైట్ల పరిమాణమున్నదని లోపలి యంత్రమునకు చెప్పుచు, వాస్తవముగా వ్రాయబడినంత మేరకే హోస్టు డిస్కుపై స్థలమును గైకొనును. ఈ సౌలభ్యమును నమ్మి, 500 గిగాబైట్లు గల సర్వరుపై నూరేసి గిగాబైట్ల యంత్రములు పది స్థాపించిన నిర్వాహకుడు, తాను వేయి గిగాబైట్లకు మాట యిచ్చితినని స్మరించుచుండవలెను. నెలలు గడచుచుండ ఆ పదియు మెల్లమెల్లగా పెరుగును. హోస్టు డిస్కు నిండిన క్షణమున, ఆ సమయములో వ్రాయబోవు యంత్రములను క్యూఎమ్యూ సామాన్యముగా ఉన్నచోటనే నిలిపివేయును. కన్సోలు తెరచినను బదులు రాదు, దోషమేదియు కానరాదు. నెట్‌వర్కు ద్వారా పిలిచినను పలుకదు. స్థితి నడిగినచో మాత్రము, నిలిపివేయబడినది, కారణము డిస్కు వ్రాతలో లోపము, అని సమాధానము వచ్చును. అట్టి యంత్రమునకు డిస్ట్రాయ్ ఆజ్ఞ నిచ్చుట అనవసరమగు హాని. హోస్టుపై స్థలము కల్పించి, రెజ్యూమ్ అని ఒక్క మాట చెప్పినచో, అది ఆగినచోటి నుండియే, సామాన్యముగా ఏ సమాచారమును కోల్పోకుండ సాగిపోవును. ఒక్క ప్రశ్న ముందుగా అడిగినవానికిని అడుగనివానికిని నడుమ గల అంతర మింతటిది.

స్నాప్‌షాట్ అను సౌకర్యమును గూర్చి రెండు మాటలు చెప్పుట నా విధి. ఏదేని అప్‌డేటు చేయుటకు ముందు యంత్రపు స్థితిని ముద్రించియుంచుకొని, అప్‌డేటు వికటించినచో వెనుకకు మరలుట దీనివలన సాధ్యమగును. ఇది మహోపకారి. కాని పలువురు దీనినే బ్యాకప్ అని భ్రమించుచున్నారు. ఒక పద్ధతిలో స్నాప్‌షాట్ అదే డిస్కు ఫైలు లోపల నుండును. ఆ ఫైలు చెడినచో అదియు చెడును. మరియొక పద్ధతిలో పాత ఫైలును అట్లే నిలిపి, కొత్త వ్రాతలన్నియు వేరొక ఫైలులోనికి మళ్లింపబడును. అప్పుడు కొత్త ఫైలు పాతదానిపై సంపూర్ణముగా ఆధారపడియుండును. స్థలము చాలదని ఆ పాత ఫైలును చెరిపివేసినవాడు యంత్రము నంతటిని చెరిపినవాడే. నిజమైన బ్యాకప్‌కు ఒక మార్గము, వ్రాతలను కొంతసేపు కొత్త ఫైలులోనికి మళ్లించి, నిశ్చలముగా నున్న పాత ఫైలును వేరొక సర్వరునకు కాపీ చేసి, బ్లాక్‌కమిట్ అను ఆజ్ఞతో రెంటిని మరల ఏకము చేయుట. ఆ కాపీ నుండి ఒక యంత్రమును నిజముగా లేపి చూచిన దినముననే దానిని నమ్మవలెను. అంతవరకు అది బ్యాకప్ అని పిలువబడు ఒక పెద్ద ఫైలు మాత్రమే.

నెట్‌వర్కు విషయము క్లుప్తముగా చెప్పెదను. లిబ్‌వర్ట్ తనంతట ఏర్పరచు డిఫాల్టు నెట్‌వర్కులో యంత్రములకు 192.168.122 అని మొదలగు చిరునామాలు లభించును. అవి బయటి లోకమును పిలువగలవు గాని, బయటివారు నేరుగా వాటిని పిలువలేరు. అభ్యాసమునకు, పరీక్షలకు ఇది చాలును. లోకమునకు సేవ చేయవలసిన యంత్రమునైతే బ్రిడ్జి ద్వారా అసలైన నెట్‌వర్కుతో కలుపవలెను. ఇక యంత్రముల జాబితాను గూర్చి ఒక మాట. కొన్ని లైనక్సు పంపిణీలలో సామాన్య వినియోగదారుడుగా వర్ష్ లిస్టు అని అడిగినచో జాబితా శూన్యముగా కనబడును. దానిని చూచి కలత చెందిన యువకులు కలరు. సిస్టము వారి యంత్రములు వేరు, వినియోగదారుని సొంత యంత్రములు వేరు. ఏ జాబితా నడుగుచున్నామో స్పష్టముగా చెప్పినచో అవి కానవచ్చును. లిస్టునకు ఆల్ అను మాటను చేర్చనిచో ఆగియున్న యంత్రములు కనబడవనుట కూడ ఇచ్చటనే గుర్తుంచుకొనదగినది.

ఇట్టి ఆజ్ఞలు ఎస్ఎస్‌హెచ్ అను సురక్షిత మార్గము ద్వారా ఎంత దూరమునకైనను చేరును. అంతకంటె ఆశ్చర్యకరమగునది, నడచుచున్న యంత్రమును ఒక సర్వరు నుండి మరియొక సర్వరునకు ఆపకుండ తరలించుట. యంత్రము పనిచేయుచుండగనే దాని మెమరీ పుటలు రెండవ సర్వరునకు ప్రతి చేయబడును. అంతలో మారిన పుటలు మరల పంపబడును. మారునవి మిక్కిలి కొలదిగా మిగిలినప్పుడు అత్యల్పకాలము యంత్రమును నిలిపి, మిగిలినవానిని పంపి, అవతలి సర్వరుపై సాగింతురు. వాడుకరులకు తరలింపు జరిగిన సంగతియే తోపదు. ఇందుకు రెండు సర్వరులకును ఉమ్మడిగా అందు డిస్కు స్థలము, పరస్పరము పొసగు ప్రాసెసర్లు ఉండుట మేలు. మైగ్రేట్ అను ఒక్క ఆజ్ఞతో ఇంతటి కార్యము జరుగుట, 1974 నాటి ఆ మూడు లక్షణములు ఎంత దృఢమైనవో చాటుచున్నది.

మౌసుతో నొక్కదగిన చక్కని కిటికీలు, బొమ్మలు గల సాధనములు కూడ ఉన్నవి గదా, ఈ టైపు చేయు శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. వాటిని నేను తక్కువ చేయను. చూచుటకు, మొదట నేర్చుటకు అవి మంచివే. కాని మౌసుతో చేసిన పని చేసినవాని జ్ఞాపకములో తప్ప మరెచ్చటను మిగులదు. టైపు చేసిన ఆజ్ఞ వ్రాతగా మిగులును. దానిని దాచుకొనవచ్చును, ముందే సహోద్యోగికి చూపి, ఇందు దోషమున్నదేమో చూడుమని యడుగవచ్చును, ఒక యంత్రమునకు వ్రాసినదానిని నలుబది యంత్రములకు వర్తింపజేయవచ్చును, ఆరు నెలల తరువాత, ఆనాడు ఏమి చేసితిమి, ఎందుకు చేసితిమి అని చదువుకొనవచ్చును. అయితే నలుబది యంత్రములను ఒక్క పంక్తితో లేపగల చేయి, అదే సులువుతో నలుబదింటిని ఆపివేయగలదు. అందుచేత జాబితాపై నడచు ఆజ్ఞలను వ్రాయునప్పుడు, మొదట ఆ జాబితాను మాత్రమే తెరపై ముద్రించి, పేర్లన్నియు సరిచూచుకొని, తరువాతనే అసలు ఆజ్ఞను చేర్చుట అనుభవజ్ఞుల ఆచారము. ఈ ఆచారమును పాటించువానికి కమాండు లైను అపాయకరమైనది కాదు.

మన తెలుగు జిల్లాల ఇంజనీరింగు కళాశాలలలో చదువు విద్యార్థులకు, చిన్న సంస్థలలో ఒక్క సర్వరునే నమ్ముకొని పనిచేయు ఉద్యోగులకు నా మనవి యొక్కటి. ఈ విద్య నభ్యసించుటకు గొప్ప యంత్రసామగ్రి అక్కరలేదు. ఎనిమిది గిగాబైట్ల మెమరీ గల పాత కంప్యూటరొకటి యున్నచో, దానిపై రెండు మూడు చిన్న యంత్రములను నిలిపి, వాటిని నిర్భయముగా చెడగొట్టి మరల బాగుచేయవచ్చును. కేవీఎం, క్యూఎమ్యూ, లిబ్‌వర్ట్ మూడును ఎవరైనను ఉచితముగా వాడుకొనదగినవి, లోపలి వ్రాతను చదువుకొనదగినవి. ప్రతి యంత్రపు ఎక్స్ఎంఎల్ వివరమును వేరొక చోట భద్రపరచుడు. ప్రతి మార్పును తేదీతో, కారణముతో ఒక ఫైలులో వ్రాసియుంచుడు. నెలకొకసారి బ్యాకప్ నుండి ఒక యంత్రమును లేపి చూడుడు. ఆపుటకు ముందు అడుగుడు. చెరుపుటకు ముందు మరల అడుగుడు. ఈ యంత్రములకు కంటికి కనబడు శరీరము లేకున్నను, వాటిని నమ్మినవారు నిజమైన మనుష్యులు: ఫలితమునకై వేచియున్న విద్యార్థి, మందుల చీటీకై వేచియున్న రోగి, జీతమునకై వేచియున్న ఉద్యోగి. వారికి మన పేరు తెలియదు, తెలియనక్కరలేదు. వారి పని నిరాటంకముగా సాగుటయే మన విద్యకు ఫలము. ఆ ఫలమును సాధించునది టైపు చేయు వేగము కాదు, టైపు చేయుటకు ముందు చూపు శ్రద్ధ.